లివరు పట్టిన చెయ్యి

లక్ష్మీనరసింహానికి కారు బాగుచేసుకోవాలన్న తొందర అంతగా లేదు. తన చెయ్యి బాగుందో లేదో తేల్చుకోవాలన్న తొందర మాత్రం ఉంది. ఆ సంగతి ఎవరి దగ్గరా బయటపెట్టలేదు. అందరికీ కారు పేరే చెప్పాడు.

గుంటూరు శివార్లలో ఒక పత్తి మిల్లులో ప్రెస్సు దగ్గర లివరు పట్టడం ఆయన పని. గింజ తీసిన దూదిని పెద్ద పెట్టెలో కూరి పైనుంచి ఇనప పలకతో అదిమితే, మనిషెత్తు దూది నడుం ఎత్తు బేలుగా మారుతుంది. అలా అదిమి ఉంచినప్పుడు పట్టీలు వేసే మనిషి పలకకి ఉన్న గాడుల్లోకి వేళ్లు దూర్చి, ఇనప పట్టీలు ఇవతలికి లాగి వాటి కొసలు కలిపే బిళ్లలు బిగించాలి. ఆ కాసేపూ లివరు వెంట్రుకవాసి కదలకూడదు. కదిలితే ఆ వేళ్ల మాట ఇక మాట్లాడుకోనక్కర్లేదు. అందుకని ఆ ప్రెస్సు దగ్గర ఒక కట్టుబాటు ఉంది. పట్టీల మనిషి చెయ్యి పెట్టబోయే ముందు 'చెయ్యి లోపల' అని అరుస్తాడు. లివరు మనిషి ఆ మాట తిరిగి అంటాడు. తీశాక 'చెయ్యి బయట' అంటాడు. లివరు మనిషి అదీ తిరిగి అంటాడు. అన్నాకే లివరు కదులుతుంది. మధ్యలో షావుకారు వచ్చి పిలిచినా సరే, పలికేది లేదు.

ఈ కట్టుబాటు ఆయనకి వంటబట్టడానికి కారణం ఉంది. కుర్రతనంలో అదే మిల్లులో బేళ్లు మోసేవాడు. ఒకరోజు పక్క ప్రెస్సులో లివరు మనిషి ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతుంటే ఇమ్మానియేలు అనే మనిషి కుడిచెయ్యి పలక కింద నలిగిపోయింది. ఆ కేక లక్ష్మీనరసింహం చెవుల్లోంచి ఇప్పటికీ పోలేదు. లివరు తనకిచ్చిన రోజున అందరి ముందూ అన్నాడు, నా లివరు కింద ఎవడి గోరు కూడా పోదు అని. కొత్తవాడి బడాయిలే అని నవ్వారు. ఏళ్లు గడిచాయి, బడాయి నిజమైంది. లివరు పట్టుకుని ఉండగా ఆయన నోట్లో చుట్ట కూడా ఉండేది కాదు. పట్టీలు వేసే సిలారు, దూదేకుల కుటుంబం వాడు, తన వేళ్లని ఆయన చేతికి అప్పగించి హాయిగా పని చేసుకునేవాడు. ఇద్దరి మధ్యా పెద్దగా కబుర్లు నడిచేవి కావు. రోజంతా ఆ కేకలే వాళ్ల మాటలు.

పోయిన సీజను చివర్లో ఆ నమ్మకానికి బీట పడింది. ఆయన కుడిచెయ్యి అంతకు ముందు నుంచే వణుకుతోంది. మొదట పొద్దున పూట మాత్రమే. తర్వాత ఏదైనా గట్టిగా పట్టుకున్నప్పుడల్లా. ఒక మధ్యాహ్నం సిలారు చెయ్యి లోపల ఉండగా లివరు మీద ఆ వణుకు వచ్చింది. పలక కొద్దిగా దిగింది. సిలారు చటుక్కున లాక్కున్నాడు గానీ చూపుడు వేలి గోరు ఊడిపోయింది. వేలికి గుడ్డ చుట్టుకుంటూ, 'గాడి అంచు తగిలిందన్నా' అన్నాడు. మేనేజరు అడిగితే తలుపులో పడిందని చెప్పాడు. లక్ష్మీనరసింహం ఏదీ కాదనలేదు. తలుపు మాట విని ఊరుకున్నాడు. ఊరుకున్నందుకు ఆ వేసవంతా లోలోపల కుమిలిపోయాడు.

ఇప్పుడు భాద్రపదం. దసరాకి ప్రెస్సుకి పూజ చేసి కొబ్బరికాయ కొడతారు. ఆ కాయ కొట్టేది లివరు మనిషే. ఆ వెనకే పత్తి దిగడం మొదలవుతుంది. ఈలోగా ఆయన తనకి తానే ఒక పరీక్ష పెట్టుకున్నాడు.

ఆ పరీక్షకి దొరికింది హెరాల్డు కారు. బ్రాడీపేటలో ఒక డాక్టరుగారి దగ్గర ఏళ్ల తరబడి తిరిగి, ఆయన పోయాక షెడ్డులో దుమ్ముకొట్టుకుపోతుంటే కొన్నేళ్ల కిందట లక్ష్మీనరసింహం తెచ్చుకున్నాడు. రెండు తలుపుల కారు, మీగడ రంగు. పెదకాకానిలో ఆయన వీధివాళ్లు దానికి 'పెద్దకోడలు' అని పేరు పెట్టారు. ఉన్నట్టుండి అలుగుతుంది, బతిమాలితే కదులుతుంది. ఆయనకి ముక్కు మీద కోపం, కారు మీద మాత్రం ఎన్నడూ లేదు. ఆదివారం ఆదివారం తుడిచేవాడు. భార్య కోటేశ్వరమ్మని ముందు సీట్లో కూచోబెట్టుకుని మంగళగిరి కొండ దాకా తీసుకెళ్లేవాడు. కట్టుకున్న దానికన్నా దానికే ఎక్కువ నీళ్లు పోస్తారని ఆవిడ దెప్పేది.

ఆ కారుకి ముందువైపు షాకులు పోయాయి. షాకు అంటే ఒక్కో ముందు చక్రం మీద నిలువుగా నిలబడే కాలు లాంటిది. బయట లావుపాటి స్ప్రింగు. దాని నడుమ నూనె నిండిన గొట్టం. గొట్టంలోంచి పైకొచ్చే రాడ్డు, రాడ్డు కొసన నట్టు. స్ప్రింగు ఎగిరిపోకుండా అణిచిపెట్టి ఉంచేది ఆ ఒక్క నట్టే. గొట్టంలో నూనె కారిపోతే చక్రం గుంటలో పడ్డప్పుడల్లా బండి తూగుటుయ్యాలే. బానెట్టు మూల నొక్కి వదిలితే ఒక్కసారి లేచి ఆగాల్సింది, ఇది లేస్తూ పడుతూ ఉండేది. మెకానిక్కు సుభానీ చూసి, గొట్టాలు కొత్తవి తెప్పించి ఇచ్చాడు గానీ, షెడ్డుకి తీసుకురమ్మని గట్టిగా చెప్పాడు. స్ప్రింగుతో ఇంటి దగ్గర ఆటలొద్దు బాబాయ్ అన్నాడు. లక్ష్మీనరసింహం చెవిన పెట్టలేదు. రెండు షాకులూ ఒంటరిగా, ఈ చేతులతోనే మార్చగలిగితే దసరాకి కాయ తనే కొడతాడు. మార్చలేకపోతే, ఆ పైన ఆలోచించడానికి ఆయనకి ధైర్యం చాల్లేదు.

ఆదివారం పొద్దున్నే వాకిట్లో పని మొదలుపెట్టాడు. హెరాల్డుకి ఒక సుఖం ఉంది. బానెట్టు, మడ్‌గార్డులు అన్నీ కలిపి ఒకే ముక్కగా ముందుకి ఒరిగిపోతాయి. చక్రాల దగ్గర ఏం చెయ్యాలన్నా బండి కింద దూరక్కర్లేదు. జాకీ ఎత్తి, దిమ్మలు పెట్టి, ఎడమ చక్రం ఊడదీశాడు. ముందురోజే కిరసనాయిలు పోసి నానబెట్టిన నట్లు మొదట మొండికేసి తర్వాత వదిలాయి. వణుకు అంతా పానాలోకి పోతోంది, పానా టకటకమని నట్టుకి కొట్టుకుంటోంది. ఎవరూ వినడం లేదు కదా అనుకున్నాడు. వంటింటి కిటికీ తెరిచే ఉందన్న సంగతి గమనించలేదు.

స్ప్రింగుని అణచడానికి మిల్లు తుక్కులోంచి తెచ్చిన ఇనపముక్కలతో ఒక చట్రం కట్టుకున్నాడు. పైన ఒక దూలం, అడుగున లారీ జాకీ, మధ్యలో స్ప్రింగు. జాకీ పిడి కొడితే స్ప్రింగు పై దూలానికి ఆని అణుగుతుంది, పక్కనున్న మర తిప్పితే వదులవుతుంది. చూస్తే ప్రెస్సుకి బిడ్డలా ఉంది. పాత షాకుని అందులో పెట్టి అణిచి, పై నట్టు తీసి, చచ్చిన గొట్టాన్ని బయటికి లాగి, స్ప్రింగుని మెల్లగా వదిలాడు. అంతవరకు చెయ్యి మాట వింది. ఆయనకి ఈల వెయ్యాలనిపించింది.

కొత్త గొట్టం ఎక్కించడం దగ్గర చిక్కు వచ్చింది. అణిచిన స్ప్రింగు చుట్ల మధ్యకి వేళ్లు దూర్చి, లోపలికి జారిపోయిన రాడ్డుని పైకి లాగి, దూలంలో బెజ్జంలోంచి తీసి నట్టు పట్టించాలి. ఆ లారీ జాకీ ముసలిది, ఒకచోట నిలవదు, మెల్లగా దిగిపోతుంది. ఒకడు పిడి కొద్దికొద్దిగా కొడుతూ నిలబెట్టాలి, ఇంకొకడు వేళ్లు పెట్టాలి. ఎక్కువ కొడితే చుట్లు వేళ్ల మీద మూసుకుంటాయి. వదిలితే స్ప్రింగు పక్కకి తన్నుతుంది. ఆయనేమో ఒక్కడు.

ఒక్కడే అయినా ఆయన పత్తి ప్రెస్సు మనిషి. ఇంట్లో బేలు పట్టీలున్నాయి. స్ప్రింగుని గట్టిగా అణిచి, దాని చుట్టూ మూడు పట్టీలు నిలువుగా వేసి బిళ్లలు బిగించాడు. ఇక స్ప్రింగు కట్టేసిన బేలే, జాకీతో పని లేదు. అంతా సవ్యంగానే ఉంది. అప్పుడు ఆయన చెయ్యి తన అలవాటు పని తను చేసింది. మిల్లులో బేలుకి పట్టీలు వేశాక లివరు కాస్త వదులుతారు. దూది ఉబ్బి పట్టీల్ని తన్ని పట్టుకుంటుంది, బిళ్ల ఇంకా బిగుస్తుంది. బేలు కూచోవడం అంటారు దాన్ని. ఆయన స్ప్రింగుని కూచోబెట్టాలని మర కొంచెం తిప్పాడు.

దూది ఉబ్బుతుంది. స్ప్రింగు తన్నుతుంది. మొదటి బిళ్ల జారింది, మిగిలిన రెండూ దాని వెంటే పోయాయి. స్ప్రింగు చట్రంలోంచి పక్కకి దూకి, ఆయన చెవి పక్కగా గాలి కోసుకుంటూ పోయి ప్రహరీకి కొట్టుకుంది. పెచ్చు ఊడి పడింది. వీధిలో కుక్కలన్నీ లేచాయి.

కోటేశ్వరమ్మ తడిచేతులతో బయటికి వచ్చింది. గోడ చూసింది, గోడకీ మొగుడి తలకీ మధ్య ఉన్న దూరం చూసింది. వెళ్లి స్ప్రింగు తీసుకొచ్చి ఆయన కాళ్ల దగ్గర పెట్టింది. అప్పుడు చెప్పింది, సిలారుకి కబురు పంపానని. పొద్దున పానా చప్పుడు విన్నప్పుడే పంపిందట.

ఆయనకి ఒళ్లు మండింది. అడక్కుండా ఎవరు పంపమన్నారని లేచాడు. ఆవిడ గొంతు పెంచలేదు.

"మీ చెయ్యి సంగతి నాకు తెలవదనుకుంటన్నారా? టీ గ్లాసు నిండా పొయ్యడం మానేసి ఏడాదైంది."

ఆయన మెట్టు మీద కూలబడ్డాడు. ఏడాదిగా సగం గ్లాసులే తాగుతున్నానని ఆ క్షణందాకా ఆయనకి తట్టలేదు. తను దాచానని మురిసిపోతున్నది ఆవిడ తనకన్నా జాగ్రత్తగా దాస్తూ వచ్చింది. సిగ్గేసింది, దాని వెనకే ఏడుపొచ్చినంత పనైంది.

సిలారు సైకిలు దిగుతూనే గోడ పెచ్చు చూసి, చట్రం చూసి, పట్టీలు చూసి విషయం గ్రహించాడు. దాన్ని కూడా కూచోబెట్టబోయావా అన్నా అని చిన్నగా నవ్వాడు. ఇంకెవరూ ఆ మాట అనలేరు, ఇంకెవరూ ఆ తప్పు చెయ్యలేరు కూడా. లక్ష్మీనరసింహం కూడా నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు.

స్ప్రింగు మళ్లీ చట్రంలోకి ఎక్కింది. నడుమ కొత్త గొట్టం. ఎవరెక్కడ కూచోవాలో ఇద్దరూ అనుకోలేదు. అలవాటు కొద్దీ లక్ష్మీనరసింహం జాకీ పిడి దగ్గర, సిలారు స్ప్రింగు దగ్గర. పిడి కొట్టగా కొట్టగా స్ప్రింగు మూలుగుతూ అణిగింది. సిలారు చేతులు లుంగీకి తుడుచుకుని, మిల్లులో లాగే, చుట్టుపక్కల వినపడేట్టు అన్నాడు.

"చెయ్యి లోపల."

"చెయ్యి లోపల," అన్నాడు లక్ష్మీనరసింహం.

సిలారు వేళ్లు చుట్ల మధ్యకి పోయాయి. రాడ్డు దొరికింది. జాకీ దిగుతోంది. దాన్ని నిలబెట్టడానికి లక్ష్మీనరసింహం పిడిని ఒక్క పిసరు కొట్టాలి. చెయ్యి బిగించాడు. బిగించగానే వణుకు మొదలైంది. పిడి ఇనప గూట్లో టకటకమని కొట్టుకుంది. ఒక పిసరు అనుకున్నది రెండు పిసర్లైంది. చుట్లు దగ్గరకొచ్చాయి. సిలారు వేళ్లకి రెండు పక్కలా ఇనుము తగిలింది. అతను చెయ్యి తియ్యలేదు. తలెత్తలేదు. లివరు మనిషి చేతి వంక చూడ్డం పట్టీల మనిషి మర్యాద కాదు. రాడ్డుని పైకి లాగుతూనే ఉన్నాడు.

లక్ష్మీనరసింహం ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకున్నాడు. వణుకు మోచేతికెక్కింది. చెమట కళ్లలోకి దిగుతోంది, తుడుచుకుంటే చెయ్యి వదలాలి. జాకీ మళ్లీ దిగుతోంది, మళ్లీ కొట్టాలి. కిటికీ దగ్గర కోటేశ్వరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన చూపంతా ఒకే చోట ఉంది. సిలారు చూపుడు వేలు. గోరు మళ్లీ వచ్చింది గానీ వంకరగా, మందంగా వచ్చింది. ఆ గోరు చుట్ల మధ్య తెల్లగా కనిపిస్తోంది. ఇమ్మానియేలు కేక చెవుల్లో మోగింది.

"తియ్యి."

"కొస అందింది, నట్టు పట్టిస్తే అయిపోద్దన్నా."

"చెయ్యి తియ్యరా సిలారూ."

ఆ గొంతు సిలారు ఎప్పుడూ వినలేదు. మెల్లగా వేళ్లు ఇవతలికి తీసి, ఒళ్లో పెట్టుకుని, "చెయ్యి బయట" అన్నాడు. లక్ష్మీనరసింహం ఆ మాట తిరిగి అన్నాడు. మర తిప్పి, స్ప్రింగు పూర్తిగా వదులయ్యేదాకా వదిలి, పిడి మీద నుంచి చెయ్యి తీసేశాడు. పరీక్ష అయిపోయింది.

ముందు లక్ష్మీనరసింహమే నోరు విప్పాడు.

"నీ గోరు పోయింది గాడి అంచుకి కాదు. తలుపులోనూ కాదు."

"తెలుసన్నా."

"తెలిసి కూడా సీజను అయిందాకా నా కింద ఎట్టా పెట్టావురా చెయ్యి?"

సిలారు వంకర గోరుని బొటనవేలితో రుద్దుకున్నాడు. జవాబుకి తడుముకోలేదు, చాలాకాలంగా సిద్ధంగా ఉన్నట్టుంది.

"నువ్వే దిగుతావని చూస్తన్నా. దిగమని నేను చెప్తే ఏం బాగుంటది?"

లక్ష్మీనరసింహం ఆ మాట తట్టుకోలేకపోయాడు. ఆ గోరు పోయాక కూడా ఎన్ని బేళ్లు కట్టారో, అన్నిసార్లూ ఈ మనిషి తెలిసే వేళ్లు పెట్టాడు. తన పరువు కాపాడ్డానికి. ముఖం పక్కకి తిప్పుకుని పైపంచెతో కళ్లు తుడుచుకున్నాడు. సిలారు చక్రం నట్లు లెక్కపెడుతున్నట్టు నటించాడు.

లేచాడు లక్ష్మీనరసింహం. వచ్చి స్ప్రింగు పక్కన చతికిలబడి, జాకీ వైపు గడ్డం ఊపాడు.

"నువ్వు అటు పో. పిడి పట్టు. చెయ్యి నేను పెడతా."

సిలారు కదల్లేదు. వణికే చేత్తో చుట్ల మధ్యకి పోతే రాడ్డు దొరుకుతుందా, నట్టు పడుతుందా అని అడగాలని ఉంది అతనికి, మొహంలో తెలుస్తూనే ఉంది. లక్ష్మీనరసింహం వివరం చెప్పాడు, చెప్పింది కూడా ఒక్క ముక్కే. నలిగితే నాది నలుగుద్ది. ఆ తర్వాత సిలారు పిడి దగ్గరికి వెళ్లాడు. ఆ స్థానంలో అతను కూచోవడం అదే మొదటిసారి. పిడి పట్టుకోగానే అతని భుజాలు బిగుసుకుపోయాయి. స్ప్రింగు మళ్లీ అణిగింది.

"చెయ్యి లోపల," అన్నాడు లక్ష్మీనరసింహం. ఇన్నేళ్లూ తిరిగి అనడమే గానీ, ముందుగా అనడం ఎరగడు.

"చెయ్యి లోపల," అన్నాడు సిలారు, లోగొంతుకతో.

చుట్ల మధ్య చల్లగా ఉంది. వేళ్లకి అటూ ఇటూ ఇనుము. తన ప్రాణం ఇంకొకడి చేతిలో ఉండటం అంటే ఏమిటో లక్ష్మీనరసింహానికి అప్పుడు తెలిసింది. భయమేసింది, నిజంగానే భయమేసింది. వేళ్లు వణుకుతూ చుట్లకి కొట్టుకున్నాయి, తోలు గీరుకుపోయింది. రాడ్డు ఒకసారి దొరికి జారింది. మళ్లీ దొరికింది. పైకి లాగి బెజ్జంలోంచి కొస తీశాడు. రబ్బరు వేశాడు, పళ్లెం వేశాడు. నట్టు మాత్రం మర మీద కూచోనంటోంది. చెయ్యి ఊగుతుంటే నట్టు వాలిపోతోంది. రెండుసార్లు జారి మట్టిలో పడింది. రెండుసార్లూ కోటేశ్వరమ్మే వచ్చి ఏరి, కొంగుతో తుడిచి, ఆయన అరచేతిలో పెట్టింది. అంతసేపూ సిలారు కనురెప్ప వెయ్యలేదు. జాకీ పిసరంత దిగితే పిసరంతే కొట్టాడు. ఎక్కువా లేదు, తక్కువా లేదు.

మూడోసారి ఆయన నట్టుని రాడ్డు మీద పెట్టి, వణుకుని ఆపాలని చూడటం మానేశాడు. ఊగే చేతిని ఊగనిస్తూనే మెల్లగా తిప్పాడు. నట్టు ఒక మర పట్టింది. ఇంకో మర. పానా అందుకుని బిగించేశాక, స్ప్రింగు ఇక ఎటూ పోదని నమ్మకం కలిగాక, వేళ్లు ఇవతలికి తీసుకున్నాడు.

"చెయ్యి బయట."

సిలారు పిడి వదలకుండానే తిరిగి అన్నాడు. అన్నాకే మర తిప్పాడు. పద్ధతి తప్పలేదు.

కుడివైపు షాకు కూడా అలాగే మార్చారు. ఈసారి భయం కొంచెం తగ్గింది, తోలు కొంచెం ఎక్కువ గీరుకుంది. చక్రాలు ఎక్కించి, బండి దిమ్మల మీద నుంచి దించేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. సిలారు బానెట్టు మూల రెండు చేతులతో నొక్కి వదిలాడు. పెద్దకోడలు ఒక్కసారి లేచి బుద్ధిగా నిలబడింది.

దసరాకి కాయ ఎవరు కొడతారన్నా అని అడిగాడు సిలారు, బండి వంకే చూస్తూ. లివరు పట్టేవాడే కొడతాడన్నాడు లక్ష్మీనరసింహం. లివరు ఇక సిలారుకి ఇవ్వమని షావుకారుకి రేపు పొద్దున్నే తనే చెప్తానన్నాడు. తలుపు సంగతి కూడా చెప్తానన్నాడు. సిలారు వద్దని బతిమాలాడు గానీ వినలేదు. పట్టీలకి ఎవణ్ణి పెట్టుకున్నా, వాడి చెయ్యి వంక చూడు, మొహం వంక చూడమాకు అని చెప్పాడు. అంతకన్నా నేర్పాల్సింది ఏమీ లేదు.

కోటేశ్వరమ్మ టీ తెచ్చింది. సిలారుకి నిండు గ్లాసు, మొగుడికి ఎప్పటిలాగే సగం. లక్ష్మీనరసింహం గ్లాసు ముందుకి చాచి, నిండా పొయ్యమన్నాడు. ఆవిడ ఒక్క క్షణం ఆగి, అంచుదాకా పోసింది. ఆయన రెండు చేతులతో పట్టుకున్నాడు. టీ తొణికి గీరుకుపోయిన వేళ్ల మీద పడింది, సిలారు చూస్తుండగానే పడింది. ఆయన తుడుచుకోకుండా తాగాడు.